ఎండలు ఎందుకు ముదురుతున్నాయి?

(సాయంకాలం చదువుల కేంద్రంలో మహిళలకు చేసిన ప్రసంగం)



పగలంతా కాయకష్టం చేసి వచ్చారు. ఇంట్లో పొయ్యి దించి, పిల్లలకు అన్నం పెట్టి వచ్చారు. అయినా పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. చాలా సంతోషం. ఈ రోజు మన పాఠం ఎండ గురించి.

"ఎండ గురించి చెప్పేదేముంది? రోజూ నెత్తిన మోస్తున్నదే కదా!" అని మీరు అనవచ్చు. నిజమే. ఎండ అంటే ఏమిటో మిరప కోతకు వెళ్ళే తల్లికి తెలుసు. బట్టీలో ఇటుకలు మోసే చెల్లెలికి తెలుసు. భద్రాచలం అడవుల్లో తునికాకు కోసే అక్కకు తెలుసు. సముద్రం ఒడ్డున ఇసుక మీద చేపలు ఎండబెట్టే అవ్వకు తెలుసు.

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అన్నారు. అంటే ఎండలు కొత్తవి కావు. కానీ ఇప్పుడు మండే రోజులు ఎక్కువయ్యాయి. మంట కూడా ఎక్కువయింది. రాత్రి పూట కూడా చల్లబడడం లేదు. ఎందుకని? ఇది దేవుడి కోపమా? మన తలరాతా? రెండూ కాదు. దీనికి కారణం ఉంది. దీన్నుంచి ప్రాణం కాపాడుకునే దారీ ఉంది. ఆ రెండూ తెలుసుకుందాం.

చప్పుడు లేని చావు

2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులు వీచాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో మళ్ళీ అలాగే జరిగింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద వడదెబ్బకు 2 వేల మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వాళ్ళే.

ఎవరు వాళ్ళు? ఎక్కువ మంది కూలి జనం. ముసలివాళ్ళు. నిలువ నీడ లేనివాళ్ళు.

తుఫాను వస్తే చెట్లు కూలతాయి. వరద వస్తే ఇళ్ళు మునుగుతాయి. అందరూ చూస్తారు. ఎండ అలా కాదు. చప్పుడు లేకుండా చంపుతుంది. పొలం నుంచి వచ్చిన మనిషి సాయంత్రం తల తిరుగుతోందని పడుకుంటాడు. తెల్లారేసరికి లేవడు. "గుండె ఆగిపోయింది" అంటారు. "వయసు మీద పడింది" అంటారు. ఎండ పేరు ఎవరూ ఎత్తరు. అలా లెక్కలోకి రాని చావులు ఎన్నో ఉంటాయి.

మన ఒళ్ళు, నీళ్ళ కుండ

కుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? ఎప్పుడైనా ఆలోచించారా? కుండకు కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా నీరు చెమ్మగా బయటికి వస్తుంది. ఆ చెమ్మ గాలికి ఆరుతుంది. ఆరేటప్పుడు లోపలి వేడిని తీసుకుపోతుంది. అందుకే నీళ్ళు చల్లబడతాయి.

మన ఒళ్ళు కూడా అంతే. చెమట పడుతుంది. చెమట ఆరుతుంది. ఒళ్ళు చల్లబడుతుంది. బాగున్న మనిషి ఒంటి వేడి థర్మామీటరులో 98.6 ఉంటుంది. సెంటీగ్రేడు లెక్కలో అయితే 37 డిగ్రీలు. బయట ఎంత మండినా ఒళ్ళు ఆ వేడిని దాటకుండా కాపాడేది చెమటే.

ఇప్పుడు రెండు సంగతులు గుర్తు పెట్టుకోండి.

ఒకటి. కుండలో నీళ్ళు అయిపోతే చెమ్మ రాదు. ఒంట్లో నీళ్ళు అయిపోతే చెమట రాదు.

రెండు. ముసురు రోజుల్లో కుండ నీళ్ళు అంత చల్లబడవు. గాలిలో తేమ ఉంటే చెమ్మ ఆరదు. అందుకే సముద్రం పక్క ఊళ్ళలో ఎండ కొంచెం తక్కువగా ఉన్నా ఉక్కపోత ప్రాణం తీస్తుంది. చెమట కారుతుంది గాని ఆరదు. ఒళ్ళు చల్లబడదు.

ఆడవాళ్ళకు ఇంకో కష్టం ఉంది. పని చోట చాటు ఉండదు. మరుగుదొడ్డి ఉండదు. అందుకని పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా ఉంటారు. సిగ్గు కోసం దాహం చంపుకుంటారు. ఇది చాలా ప్రమాదం. పని నుంచి వచ్చాక రేకుల ఇంట్లో పొయ్యి దగ్గర మళ్ళీ సెగ. రాత్రి ఇల్లు చల్లబడదు. నిద్ర పట్టదు. ఒళ్ళు కోలుకోదు. తెల్లవారితే మళ్ళీ ఎండలోకే. కడుపుతో ఉన్న తల్లికి, బాలింతకు, పసిపిల్లకు ఇది మరీ ప్రమాదం.

వడదెబ్బను గుర్తు పట్టడం ఎలా?

ముందు ఒళ్ళు హెచ్చరిక చేస్తుంది. విపరీతంగా దాహం వేస్తుంది. తల నొప్పి. కళ్ళు తిరగడం. కండరాలు పట్టేయడం. వాంతి వచ్చినట్టు ఉండడం. మూత్రం పచ్చగా, కొంచెమే రావడం. ఇవి కనబడగానే పని ఆపాలి. నీడకు రావాలి. నీళ్ళు, మజ్జిగ, ఉప్పు వేసిన గంజి తాగాలి. ఆశా కార్యకర్త దగ్గర దొరికే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఒక లీటరు మంచి నీళ్ళలో కలిపి తాగాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచాలు తల కొట్టి కొలవాలి.

మనిషి తికమకగా మాట్లాడితే, తూలితే, ఫిట్సు వస్తే, స్పృహ తప్పితే అది వడదెబ్బ. ఒంటి వేడి 104 దాటుతుంది. ఒళ్ళు నిప్పులా కాలుతుంది. ఇక ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

వెంటనే 108కి ఫోను చేయాలి. మనిషిని నీడకు తేవాలి. బిగుతు బట్టలు వదులు చేయాలి. ఒళ్ళంతా నీళ్ళు పోయాలి. తడి గుడ్డ కప్పి విసరాలి. మెడకు, చంకలకు, గజ్జలకు తడి గుడ్డలు పెట్టాలి. బండి వచ్చేదాకా ఆపకూడదు.

స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం బిళ్ళ వేయకండి. ఇది జ్వరం కాదు, బిళ్ళ పని చేయదు. ఉల్లిపాయ రసం రుద్దుతూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది. ప్రాణం నిలిపేది నీళ్ళు, గాలి, ఆసుపత్రి.

భూమికి దుప్పటి

సరే, ఇంతకీ ఎండలు ఎందుకు ముదురుతున్నాయి?

చలికాలం మనం దుప్పటి కప్పుకుంటాం. దుప్పటిలో నిప్పు లేదు. అయినా వెచ్చగా ఉంటుంది. ఎందుకు? మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి.

భూమికి కూడా ఒక దుప్పటి ఉంది. అది గాలి దుప్పటి. సూర్యుడి వల్ల పగలు భూమి వేడెక్కుతుంది. ఆ వేడి తిరిగి ఆకాశంలోకి పోవాలి. గాలిలో బొగ్గుపులుసు వాయువు అని ఒకటి ఉంది. చదువుకున్నవాళ్ళు కార్బన్ డయాక్సైడ్ అంటారు. అది ఆ వేడిలో కొంత పట్టి ఉంచుతుంది. ఆ దుప్పటి పలచగా ఉంటే మంచిదే. అసలు లేకపోతే భూమి గడ్డ కట్టుకుపోయేది.

కానీ మనుషులు ఆ దుప్పటిని మందం చేశారు. బొగ్గు కాల్చినా, పెట్రోలు, డీజిలు కాల్చినా ఈ వాయువు వస్తుంది. సిమెంటు తయారు చేసినా వస్తుంది. అడవులు నరికి తగలబెట్టినా వస్తుంది. చెట్టు ఈ వాయువును పీల్చుకుంటుంది. చెట్టు కొట్టేస్తే పీల్చేది కూడా పోయింది.

రెండున్నర వందల ఏళ్ళ కిందట, ఫ్యాక్టరీలు పెరగక ముందు, గాలిలో పది లక్షల పాళ్ళకు ఈ వాయువు 280 పాళ్ళు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. అంటే దుప్పటి సగం మందం పెరిగిందన్నమాట.

దాని ఫలితం ఏమిటి? లెక్కలు రాయడం మొదలైనప్పటి నుంచి అన్నిటికన్నా వేడిగా ఉన్న సంవత్సరం 2024. నూట యాభై ఏళ్ళ కిందటితో పోల్చితే ఆ ఏడాది భూమి వేడి ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ.

"ఒకటిన్నర డిగ్రీయేనా?" అనుకోకండి. మన ఒంటి వేడి ఒకటిన్నర డిగ్రీ పెరిగితే థర్మామీటరు 101 చూపిస్తుంది. లేచి నాట్లకు వెళ్ళగలమా? భూమికీ ఇప్పుడు అలాంటి జ్వరమే.

ఆ జ్వరం ఎండలోనే కాదు, వానలోనూ కనబడుతుంది. వేడెక్కిన గాలి ఎక్కువ నీటిని మోస్తుంది. కురిస్తే కుండపోత. లేకపోతే వారాల తరబడి చుక్క ఉండదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళు మునిగాయి. అదే ఏడాది వేసవిలో జనం ఎండకు మాడిపోయారు. ప్రతి ఎండకూ, ప్రతి వానకూ ఇదొక్కటే కారణం అనలేం. చెరువులు, వాగులు పూడ్చి ఇళ్ళు కడితే వాన తక్కువైనా వరద వస్తుంది. కానీ దుప్పటి మందం పెరిగే కొద్దీ ఇలాంటివి ఎక్కువవుతాయి. అది శాస్త్రజ్ఞులు తేల్చిన మాట.

కాల్చింది ఎవరు? మాడేది ఎవరు?

ఇక్కడ ఒక న్యాయం మాట ఉంది. దుప్పటి మందం చేసింది ఎవరు?

ఇప్పటిదాకా బొగ్గు, చమురు కాల్చగా వచ్చిన వాయువులో దాదాపు పావు వంతు ఒక్క అమెరికాదే. మన దేశంలో ఇంత జనం ఉన్నా మన వాటా నూటికి మూడు, నాలుగు పాళ్ళే. ఈ రోజుల్లో మన దేశం కూడా చాలా బొగ్గు కాలుస్తోంది. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. కొత్తగూడెం, రామగుండం పొగ గొట్టాలు చూసినవాళ్ళకు తెలుసు. అయినా మనిషికి ఇంత అని లెక్క వేస్తే, ఏడాదికి అమెరికాలో ఒక్కొక్కరు సుమారు 14 టన్నులు. మన దేశంలో సుమారు 2 టన్నులు.

మన దేశంలో కూడా అందరూ సమానం కాదు. కార్లు, ఏసీలు ఉన్న ఇల్లు ఎంత కాలుస్తుంది? ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న ఇల్లు ఎంత కాలుస్తుంది? తక్కువ కాల్చిన ఇల్లే ఎక్కువ మాడుతోంది. ఇది అన్యాయం. ఈ మాట అడిగే హక్కు మీకు ఉంది.

అహ్మదాబాదులో ఏం చేశారు?

మాడేవాళ్ళ ప్రాణాలు కాపాడడం సాధ్యమేనా? సాధ్యమే. చేసి చూపించిన ఊరు ఉంది.

గుజరాత్‌లో అహ్మదాబాదు పెద్ద నగరం. 2010 మే నెలలో అక్కడ ఎండ 46.8 డిగ్రీలకు పోయింది. ఆ ఒక్క నెలలో మామూలు కన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారు. తర్వాత లెక్కలు తీస్తేనే ఈ సంగతి తెలిసింది.

అప్పుడు నగర పాలక సంస్థ, డాక్టర్లు, శాస్త్రజ్ఞులు కలిసి కూర్చున్నారు. 2013లో ఒక పథకం తయారు చేశారు. దక్షిణాసియాలో అలాంటి పథకం అదే మొదటిది. అందులో మంత్రాలేమీ లేవు. ఎండ ముదిరే ముందే జనానికి హెచ్చరిక చెప్పాలి. చలివేంద్రాలు పెట్టాలి. ఆసుపత్రుల్లో మంచు, మందులు సిద్ధంగా ఉంచాలి. డాక్టర్లకు, నర్సులకు వడదెబ్బ గురించి శిక్షణ ఇవ్వాలి. పేదల ఇళ్ళ కప్పులకు తెల్ల రంగు వేయడం తర్వాత చేర్చారు. అంతే.

ఆ తర్వాత ఏడాదికి వెయ్యికి పైగా చావులు తప్పాయని పరిశోధకులు అంచనా వేశారు. ఎండ తగ్గలేదు. చావులు తగ్గాయి.

తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఇలాంటి పథకాలు రాసుకున్నాయి. దేశంలో ప్రభుత్వ లెక్క ప్రకారం వడదెబ్బ చావులు 2015లో 2 వేలు దాటితే, 2017లో 400 లోపు ఉన్నాయి.

అదే అహ్మదాబాదులో కూలి ఆడవాళ్ళ సంఘం ఒకటి ఉంది. పేరు సేవ. 1972లో ఇలా భట్ మొదలు పెట్టారు. ఎండ ముదిరిన రోజు పనికి పోతే ప్రాణం పోతుంది. పోకపోతే కూలి పోతుంది. మరి ఏం చేయాలి? ఆ సంఘం ఎండకు బీమా తెచ్చింది. ఎండ ఒక హద్దు దాటితే సభ్యురాలి ఖాతాలో డబ్బు పడుతుంది. 2024 వేసవిలో 40 వేల మందికి పైగా ఆడవాళ్ళకు ఒక్కొక్కరికి 400 రూపాయలు పడ్డాయి. 400 పెద్ద మొత్తం కాదు. కానీ ఎండ వల్ల కూలి పోవడం కూడా ఒక నష్టమే అని ఒప్పించారు. అది పెద్ద విషయం. ఒంటరిగా అడిగితే ఎవరు వింటారు? సంఘంగా అడిగారు కాబట్టి సాధించారు.

మన ఊళ్ళో ఏం చేయవచ్చు?

ఇవన్నీ పెద్ద నగరం సంగతులు. మన ఊళ్ళో కూడా చేయదగినవి ఉన్నాయి.

పని వేళ మార్చుకోవాలి. తెల్లవారుజామున వెళ్ళి పదకొండు లోపు తిరిగి రావాలి. మిగిలిన పని సాయంత్రం చేయాలి. ఒక్కరు అడిగితే రైతు, మేస్త్రి ఒప్పుకోకపోవచ్చు. ముఠా మొత్తం అడిగితే ఒప్పుకుంటారు. అంతే పనికి అంతే కూలి అని ముందే మాట్లాడుకోవాలి.

పని చోట నీళ్ళు, నీడ అడగాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే పని చోట తాగు నీరు, నీడ, మందుల పెట్టె ఉండాలని రాశారు. ఇది ఎవరో దయతో ఇచ్చేది కాదు. పనిచేసే మనిషి హక్కు. దాహం వేయకపోయినా అరగంటకు ఒకసారి నీళ్ళు తాగాలి. చాటు కోసం నాలుగు గుంజలు పాతి చుట్టూ పాత చీర కట్టినా చాలు. నీళ్ళు మానుకోవలసిన పని ఉండదు.

ఇంటి కప్పుకు తెల్ల సున్నం కొట్టాలి. తెలుపు ఎండను తిప్పి కొడుతుంది. ఇంట్లో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా వేడి తగ్గుతుంది. తెలంగాణలో దీని కోసమే 2023లో ప్రభుత్వం చల్లని కప్పుల విధానం తెచ్చింది. రేకుల మీద తాటాకు, గడ్డి పరచినా సెగ తగ్గుతుంది. పొయ్యికి మాత్రం దూరంగా ఉంచాలి.

హెచ్చరికను చదవాలి. వాతావరణ శాఖ రంగులతో చెబుతుంది. పసుపు అంటే గమనించండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడండి. ఈ సంగతి పేపరులో, ఫోనులో వస్తుంది. చదవడం వచ్చిన ఒక్క అక్క రోజూ చదివి వీధి వీధికీ చెబితే చాలు. ఎరుపు రోజున ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ తలుపు ఒకసారి తట్టండి.

చావును రాయించాలి. వడదెబ్బతో ఎవరైనా పోతే ఊరుకోకూడదు. డాక్టరుకు, తహసీల్దారుకు తెలపాలి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు అని చెప్పింది. కానీ కాగితం మీద ఎండ అని రాయకపోతే ఏ సాయమూ రాదు. లెక్కలో లేని చావుకు పథకం కూడా ఉండదు.

చెట్టు పెంచాలి. బడి దగ్గర, బస్సు ఆగే చోట, చెరువు గట్టున వేప, కానుగ, రావి నాటండి. నాటడం ఒక రోజు పని. బతికించడం మూడేళ్ళ పని. సంఘంలో వంతులు వేసుకుని నీళ్ళు పోయండి.

పెద్దవాళ్ళు చేయవలసింది

మనం సున్నం కొట్టినంత మాత్రాన భూమి జ్వరం తగ్గదు. అసలు మందు బొగ్గు, చమురు కాల్చడం తగ్గించడమే. 2015లో పారిస్ నగరంలో ప్రపంచ దేశాలన్నీ ఒక ఒప్పందం చేసుకున్నాయి. భూమి వేడిని రెండు డిగ్రీలకు బాగా లోపల ఆపాలని, వీలైతే ఒకటిన్నర దగ్గరే ఆపడానికి ప్రయత్నించాలని రాసుకున్నాయి. మాట ఇచ్చినంత వేగంగా పని జరగడం లేదు. 2070 నాటికి గాలిలోకి వదిలేది, గాలి నుంచి తీసేది సమానం చేస్తామని 2021లో మన దేశం చెప్పింది.

ఇంతగా కాల్చే ఆ ఎండతోనే కరెంటు కూడా తీయవచ్చు. అప్పటి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర 2017 నాటికి పెద్ద సౌర విద్యుత్తు కేంద్రం కట్టారు. దాని శక్తి 1,000 మెగావాట్లు. అక్కడ బొగ్గు లేదు. పొగ లేదు. ఎండే ఇంధనం. ఇలాంటివి పెరగాలి. ఆ కరెంటు పేదల ఇంటి ఫ్యానుకు కూడా అందాలి.

అమ్మలారా! ఎండను ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. కానీ ఎండకు మనిషి చావకుండా చూడడం మన చేతిలో ఉంది. నిరుటిదాకా ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మీద రాతలు మీకు గీతల్లా కనబడ్డాయి. ఇప్పుడు మీరే చదవగలరు. నీళ్ళు, నీడ కావాలని పంచాయతీకి అర్జీ మీరే రాయగలరు. కింద వేలిముద్ర కాదు, సంతకం పెట్టగలరు. ఈ వేసవి రాకముందే ఆ అర్జీ రాయండి.



మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో వడదెబ్బతో ఎవరైనా పోయారా? ఆ చావును కాగితం మీద ఎలా రాశారు?

2. మీ పని చోట నీళ్ళు, నీడ, చాటు ఉన్నాయా? లేకపోతే ఎవరిని అడగాలి?

3. స్పృహ తప్పిన మనిషికి ఏం చేయాలి? ఏం చేయకూడదు?

4. నీళ్ళు, నీడ కావాలని పంచాయతీకి ఐదు వాక్యాల అర్జీ రాయండి. అందరూ సంతకాలు పెట్టండి.